‘లేదు’ అని రాయలేని కార్యాలయాలు

మొన్న దినపత్రిక జిల్లా పేజీలో మూడు సమీక్షా సమావేశాల వార్తలు పక్కపక్కనే పడ్డాయి. ఒకటి వేసవి తాగునీటి మీద, ఒకటి అంగన్‌వాడీ భవనాల మీద, మరొకటి రోడ్ల మరమ్మతుల మీద. శాఖ పేరు మీద వేలు అడ్డం పెట్టి చదివితే ఏ వార్త ఏ శాఖదో పోల్చుకోలేం. మూడింటిలోనూ అధికారులు సమన్వయంతో పనిచేయాలి. మూడింటిలోనూ నిర్దేశిత లక్ష్యాలను గడువులోగా చేరుకోవాలి, క్షేత్రస్థాయిలో పటిష్ఠంగా అమలు చేయాలి, అలసత్వం వహిస్తే సహించేది లేదు. ఏ ఊళ్లో బోరు ఎండింది, ఏ అంగన్‌వాడీకి పైకప్పు కారుతోంది, ఏ రోడ్డుకు ఎంత డబ్బు వచ్చింది అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

విలేకరిని తప్పుపట్టడం సులువే. కానీ అతని చేతికి వచ్చిన ప్రెస్ నోట్‌లోనే అంతకు మించి ఏమీ ఉండదు. అలాంటి నోట్లు, వాటికి ముందు తయారయ్యే మినిట్స్ అనే సమావేశ నివేదికలు, ఆ మినిట్స్ మీద కింది కార్యాలయాలకు వెళ్లే మెమోలు, వీటి మధ్యే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అనంతపురంలో ఒక పెద్ద ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. దాని పేరు అనవసరం, ఈ విషయంలో ఏ సంస్థా మరో సంస్థకు తీసిపోదు. ఈ భాషను చాలామంది నవ్వుకుని వదిలేస్తారు. నాకు నవ్వు రాదు. దీనివల్ల మనుషులు నష్టపోవడం దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మినిట్స్ ఎలా తయారవుతాయి

ఒక సమావేశం నాకు బాగా గుర్తుంది. మంచి ఎండాకాలం. కొత్తగా చేరిన ఒక కుర్ర ఇంజనీరు తన వంతు రాగానే లేచి, తెర మీద బొమ్మలేవీ చూపించకుండా చెప్పాడు: “సార్, ఆ ఊళ్లో బోరు ఎండిపోయింది. పక్క బోరుకు మోటారు కాలిపోయింది. కొత్త బోరుకు అంచనాలు పంపి ఐదు నెలలైంది, మంజూరు రాలేదు. ట్యాంకరు అతనికి పాత బిల్లులు రాలేదు, అందుకని రావడం మానేశాడు.” హాలులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అతను చెప్పింది అందరికీ అర్థమైంది. సమావేశం జరుపుతున్న పై అధికారికీ అర్థమైంది. ఆయన మంచివాడు కూడా. “బిల్లు సంగతి నేను మాట్లాడతాను” అన్నారు.

మా సెక్షన్ నుంచి వెళ్లిన చిత్తుప్రతిలో ఆ మాటలు దాదాపు అలాగే ఉన్నాయి. తర్వాత ఆ కాగితం ఆకుపచ్చ సిరా దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేసి, పైన సన్నటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: ‘కొన్ని ఆవాసాలలో తాగునీటి సరఫరాకు సంబంధించి గుర్తించిన అంతరాలను సంబంధిత విభాగాల సమన్వయంతో అధిగమించేందుకు తగు కార్యాచరణ ప్రణాళిక రూపొందించాలని సూచించడమైనది.’

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజనీరు చెప్పిన నాలుగు మాటల్లో ప్రతిదానికీ ఒక ప్రశ్న తగులుకుని ఉంది. అంచనాలు ఐదు నెలలు ఎవరి బల్ల మీద ఉన్నాయి? ట్యాంకరు బిల్లు ఎంత, ఎవరు ఆపారు? ఆ ఊరికి ఇవాళ నీళ్లు ఎక్కడివి? దిద్దిన వాక్యాన్ని ఎటు తిప్పినా అడగడానికి ఏమీ మిగలదు. బోరు ‘అంతరం’ అయిపోయింది. ఊరు ‘కొన్ని ఆవాసాలు’ అయిపోయింది. ఐదు నెలలు ఎక్కడికి పోయాయో తెలియదు. పైగా ఆ మినిట్స్ ప్రకారం ప్రణాళిక రూపొందించవలసింది ఎవరు? మంజూరు రాలేదని మొత్తుకున్న ఆ కుర్రవాడే. మర్నాటి నుంచి అతను ప్రణాళిక రాసే పనిలో పడ్డాడు. ఆ ప్రణాళిక మీద మళ్లీ ఒక సమీక్ష జరిగింది.

ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు, డబ్బు ఉందా లేదా. ఏ పనికైనా జనం అడిగేది ఇంతే. నేను చూసినంతవరకు ఈ యాజమాన్య భాష చేసే అసలు పని ఆ మూడింటినీ వాక్యంలోంచి తీసేయడం. తీసేశాక కూడా వాక్యం నిండుగా, గంభీరంగా కనబడుతుంది. అందుకే అది ఇంతకాలం నిలిచింది.

తెలుగులో రాస్తే సరిపోతుందా?

దీనికి మిత్రులు వెంటనే చెప్పే మందు ఒకటుంది: పాలన తెలుగులో జరిగితే ఈ జబ్బు పోతుందని. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. ఇన్నేళ్లలో జరిగిన పనీ జరగని పనీ అందరికీ తెలిసినవే. తెలుగులో పాలన కావాలన్నది నా కోరిక కూడా. కానీ పైన ఇచ్చిన ఆ దిద్దిన వాక్యంలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ‘పరిశీలనలో ఉంది’, ‘యుద్ధప్రాతిపదికన’, ‘తగు చర్య నిమిత్తం’, ‘దశలవారీగా’ ఇవన్నీ అచ్చంగా మన భాషే. శూన్యాన్ని తెలుగులో కూడా శుభ్రంగా రాయవచ్చునని మన కార్యాలయాలు ఎప్పుడో నిరూపించాయి.

ఇంకో వైపు నుంచి చూడండి. పొదుపు సంఘాల మహిళలు ‘లింకేజీ’ అంటారు. బ్యాంకు తమ సంఘానికి ఇచ్చే అప్పు అని దానర్థం. మొదటి లింకేజీ ఎంత, రెండో లింకేజీ ఎంత, కంతులు ఎన్ని మిగిలాయి అన్నది బడి ముఖం చూడని ఆవిడ కూడా తడుముకోకుండా చెబుతుంది. తుంగభద్ర ఎగువ కాలువ, అంటే హెచ్ఎల్‌సీ, ఆయకట్టు రైతు క్యూసెక్కుల్లో మాట్లాడతాడు. రోజంతా 11 వేల చిల్లర క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అని అతనికి తెలుసు. భూమి రికార్డుల్లోని అడంగల్, 1బీ, 22ఏ జాబితా, చుక్కల భూమి, ఇవి బయటివాడికి కొరుకుడు పడని మాటలు. కానీ వాటిలో ప్రతిదానికీ పట్టుకుని అడగదగ్గ అర్థం ఉంది. అడంగల్‌లో నా పేరు లేదు అంటే ఉందో లేదో తీసి చూడవచ్చు. కష్టమైన మాటకూ ఖాళీ మాటకూ ఉన్న తేడా ఇదే. ‘అది అబద్ధం’ అని ఎవరైనా లేచి చెప్పగలిగితే ఆ మాటలో సరుకు ఉన్నట్టు. సమన్వయంతో పనిచేశాం అన్న మాటను అబద్ధమని ఎవరు, ఎలా రుజువు చేస్తారు?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా జిల్లా మొత్తం ఊపిరి బిగబట్టింది. హెచ్ఎల్‌సీ నీళ్లన్నీ ఆ డ్యామ్ నుంచే రావాలి. ఆ వారమంతా ఇంజనీర్ల నోటి వెంట, అధికారుల నోటి వెంట వచ్చిన మాటలు నేను శ్రద్ధగా విన్నాను. 33 గేట్లలో పోయింది ఒకటి, ఇన్ని క్యూసెక్కులు బయటికి పోతున్నాయి, నీటిమట్టం ఇంతకు దిగితే గేటు బదులు అడ్డుగా స్టాప్‌లాగ్ దించవచ్చు, అందుకోసం ఇన్ని టీఎంసీలు వదులుకోవలసి రావచ్చు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ రైతు కూడా ఆ లెక్కను పట్టుకుని వాదించగలిగాడు. వారం తిరిగేలోపే ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ దిగింది. నీళ్లు కళ్ల ముందు పోతున్నప్పుడు కార్యాచరణ ప్రణాళిక రూపొందించాలని సూచించే తీరిక ఎవరికీ లేకపోయింది. అంటే స్పష్టంగా మాట్లాడటం మన వ్యవస్థకు చేతకాదని అనలేం. చేతనవును. తప్పనిసరి అయినప్పుడు మాత్రమే చేస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చింది

పాత రెవెన్యూ కాగితాల భాష మోటుగా ఉండేది, పారసీ మాటలతో నిండి ఉండేది. అయినా ఫలానా సర్వే నంబరు, ఫలానా వాని కొడుకు ఫలానా, ఇంత విస్తీర్ణం, ఇంత శిస్తు అని ఉండేది. ఇప్పటి భాష వేరే దారిలో వచ్చింది. 2000 సంవత్సరంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఆరు జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. అనంతపురం వాటిలో ఒకటి. ‘వెలుగు’ అని పేరు పెట్టారు. తర్వాత ఎన్ని పేర్లు మారినా మా పల్లెల్లో ఇప్పటికీ అది వెలుగు ఆఫీసే. ఆ పథకం మేలు చేసింది, లింకేజీ గురించి పైన చెప్పింది దాని ఫలమే. కానీ దానితోపాటే నివేదికల కట్టలు వచ్చాయి. సామర్థ్య నిర్మాణం, భాగస్వామ్య ప్రక్రియ, సాధికారత, సుస్థిరత. సంఘాల మహిళలు ఆ కట్టలోంచి తమకు పనికొచ్చే ఒకటి రెండు మాటలు ఏరుకున్నారు. మిగిలినవన్నీ కార్యాలయాల్లో ఉండిపోయాయి.

ఇది మన ఊహ మాత్రమే కాదు. 1946 నుంచి 2012 వరకు ప్రపంచ బ్యాంకు ప్రచురించిన నివేదికల భాషను ఫ్రాంకో మొరెట్టి, డొమినిక్ పెస్ట్రె అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి, 2015లో తమ ఫలితాలు ప్రకటించారు. తొలి దశాబ్దాల నివేదికల్లో ఓడరేవులు, రోడ్లు, విద్యుత్తు, వాటి ఖర్చు కనిపిస్తాయి. 1990ల నుంచి పాలన, భాగస్వామ్యం లాంటి కంటికి కనిపించని నామవాచకాలు ముందుకొచ్చాయి. నన్ను ఎక్కువగా పట్టి ఆపింది మరో సంగతి. ‘ఇప్పుడు’, ‘ఇటీవల’, ‘తర్వాత’ లాంటి కాలాన్ని చెప్పే మాటలు ఆ నివేదికల్లో తగ్గిపోయాయట. మా మినిట్స్‌లోంచి ఐదు నెలలు మాయమైనట్టే అక్కడా కాలం మాయమైంది.

మన దగ్గర దీన్ని ఏ ఒక్క పార్టీకో అంటగట్టడం కుదరదు. 1999లో విజన్ 2020 వచ్చింది. మధ్యలో ఒక ప్రభుత్వం ‘సంతృప్త స్థాయిలో’, అంటే అర్హులందరికీ, అన్న మాటను ప్రతి కాగితంలోకీ ఎక్కించింది. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదలైంది. ఇప్పుడు మండల స్థాయి సమావేశంలో కూడా కేపీఐ, అంటే పనితీరు సూచిక, అన్న మాట వినబడుతోంది. గోడ మీద ఫొటోలు మారినప్పుడల్లా పదాల జాబితా మారుతుంది. మినిట్స్ దిద్దే పద్ధతి మారదు.

కరువు అన్న మాట

ఇక్కడ నన్ను ఇరుకున పెట్టే ఒక ఉదాహరణ ఉంది. 2016లో భారత వాతావరణ శాఖ తన నివేదికల్లో ‘కరువు’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను వదిలేసి, ‘డెఫిషియెంట్ ఇయర్’ అంటే ‘లోటు వర్షపాత సంవత్సరం’ అని రాయాలని నిర్ణయించింది. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉండే జిల్లాలో పుట్టినవాడికి ఆ వార్త ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. తాతల నుంచి మేము కరువు అంటున్నదాన్ని ఢిల్లీలో కొట్టేశారని మా వీధి అరుగు మీద పెద్ద చర్చే జరిగింది.

కానీ ఆలోచిస్తే వాతావరణ శాఖ వాదనలో బలం ఉంది. కరువు ప్రకటించడం రాష్ట్ర ప్రభుత్వాల పని, మా పని వాన కొలవడం వరకే అని వారన్నారు. పైగా కొత్త మాటకు కొలత ఇచ్చారు. దేశం మొత్తం మీద వాన సగటు కంటే 10 శాతానికి మించి తగ్గాలి, 20 నుంచి 40 శాతం విస్తీర్ణం ఎండిపోవాలి. ఆ కొలత సరైనదా కాదా అని వాదించవచ్చు, లెక్క తప్పిందని చూపించవచ్చు. నేను పెట్టుకున్న పరీక్ష ప్రకారం అది ఖాళీ మాట కాదు. చల్లగా ఉన్న మాట, అంతే.

అసలు ఇబ్బంది ఆ చల్లటి మాట కిందికి దిగేటప్పుడు మొదలవుతుంది. కొలతలు ఢిల్లీలోనే ఆగిపోతాయి, మాట ఒక్కటే మండలానికి చేరుతుంది. ‘జిల్లాలో నెలకొన్న వర్షాభావ పరిస్థితుల దృష్ట్యా’ అని మొదలయ్యే కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో చెప్పదు, ఏ మండలంలో ఎన్ని ఎకరాల వేరుశనగ ఊడల దశలో ఎండిపోయిందో చెప్పదు. కరువు మండలంగా ప్రకటిస్తారా లేదా అని రైతు అడిగితే, వర్షాభావ పరిస్థితులను నిశితంగా గమనిస్తున్నాం అని జవాబు. ఒక శాస్త్రశాఖ జాగ్రత్త కోసం ఎంచుకున్న మాట, మరో కార్యాలయంలో తప్పించుకోవడానికి పనికొచ్చింది. కాబట్టి ఒక్కో మాటను పట్టుకుని మంచిదా చెడ్డదా అని తేల్చడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. అది ఎవరికి, ఏ ప్రశ్నకు జవాబుగా చెప్పారు అన్నది చూడాలి.

ఒక కల్వర్టు, ఒక జవాబు

మా చిన్న మామది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఊరికీ పొలాలకూ మధ్య ఒక వంక ఉంది. దాని మీది చిన్న కల్వర్టు ఓ రాత్రి వానకు కొట్టుకుపోయింది. ఎండిన రోజుల్లో ట్రాక్టరు వంకలోకి దిగి ఎక్కుతుంది. వంక పారితే చుట్టు తిరిగి పోవాలి, ఆ దారిలో లోడు బండి పోదు. ఊరివాళ్లు సంబంధిత శాఖకు అర్జీ ఇచ్చారు. ఈలోగా ఎందుకైనా మంచిదని ఇంటికింత అని చందా వేసుకుని, రెండు వరుసల సిమెంటు పైపులు వేసి పైన గరుసు పోయించాలని కూడా అనుకున్నారు. కోతల వరకైనా పనికొస్తుందని వాళ్ల ఆలోచన.

అంతలో జవాబు వచ్చింది. కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను: ‘తమరి అర్జీని క్షేత్రస్థాయిలో పరిశీలించడమైనది. నిధుల లభ్యతకు అనుగుణంగా, ప్రాధాన్యతా క్రమంలో, సంబంధిత విభాగాల సమన్వయంతో తగు చర్యలు చేపట్టడం జరుగుతుంది. కావున అర్జీ పరిష్కరించడమైనది.’

ఊళ్లో దీన్ని చర్యలు చేపడతారని చదువుకున్నారు. అలా చదువుకోవడంలో తప్పేముంది? అలాగే రాసి ఉంది కదా. సర్కారు చేస్తామని రాసిచ్చాక మన డబ్బు ఎందుకు పెట్టాలని సగం ఇళ్లవాళ్లు చందా ఆపేశారు. కోతల సమయానికి వాన పట్టుకుంది, వంక పారింది. పీకిన వేరుశనగ పొలాల్లోనే కుప్పలుగా ఉండిపోయింది. కాయ నల్లబడింది, కట్టె బూజు పట్టి పశువులకు కూడా పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత ఒక పెళ్లిలో కలిసినప్పుడు మామ ఆ కాగితాన్ని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

“అల్లుడా, నువ్వు ఇలాంటి కాగితాల్లోనే బతికినవాడివి. ఇందులో కట్టిస్తామని ఉందా, కట్టించబోమని ఉందా?”

“కట్టించబోమని ఉంది మామా.”

“ఆ మాట ఎక్కడుంది, చూపించు.”

చూపించలేకపోయాను. ‘నిధుల లభ్యతకు అనుగుణంగా’ అంటే ఈ ఏడాది పైసా లేదని, ‘ప్రాధాన్యతా క్రమంలో’ అంటే మీ ఊరు జాబితాలోనే లేదని, ‘పరిష్కరించడమైనది’ అంటే కంప్యూటర్‌లో ఆ గడి ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారిందని నాకు తెలుసు. అది ఉద్యోగం నేర్పిన చదువు. మామకు ఆ చదువు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ‘ఈ సంవత్సరం డబ్బు లేదు, కల్వర్టు కట్టలేము’ అని ఒక్క వాక్యం వచ్చి ఉంటే వాళ్లు తిట్టుకుంటూనే పైపులు వేసుకునేవాళ్లు. పంట ఇంటికి వచ్చేది. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది: ‘లేదు’ అన్న జవాబు కూడా ప్రజలకు చేయవలసిన సేవే. అది అందితే మనిషి తన దారి తాను చూసుకుంటాడు. అందకపోతే ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు ఖరీదు ఏ డ్యాష్‌బోర్డులోనూ నమోదు కాదు.

కింద సంతకం పెట్టేవాడి మాట

ఈ సంగతి నాతోపాటు పనిచేసిన ఒక తమ్ముడికి చెప్పాను. అతను ఇంకా సర్వీసులో ఉన్నాడు. అతనన్న మాటలు దాటేయడానికి వీల్లేనివి.

“అన్నా, నిధులు లేవని రాసి సంతకం పెడితే మొదటి మెమో నాకే వస్తుంది. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని చెప్పడానికి నువ్వెవరు అంటారు. ఆ కాగితం ఫొటో తీసి ఎవరో వాట్సాప్‌లో పెడతారు. సాయంత్రానికి పై నుంచి ఫోను. తగు చర్యలు అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. నా ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.”

నిజమే. ఈ భాషను కింది ఉద్యోగి కనిపెట్టలేదు. అది అతనికి ఎండలో గొడుగు లాంటిది, చేతిలోంచి లాక్కుంటే మాడిపోయేది అతనే. డబ్బు లేదని అతనికి తెలుసు, ఉందని చెప్పడం అబద్ధం, లేదని చెప్పడం నేరం. ఈ రెండింటి మధ్య నిలబడడానికి అతనికి దొరికిన చోటు ఆ వాక్యం. కాబట్టి గుమాస్తాల భాష బాగుచేయాలని శిక్షణ తరగతులు పెట్టడం వల్ల ఏమీ కాదు. అలాంటి తరగతులకు నేనూ వెళ్లాను. అక్కడ నేర్పేదీ ఇదే భాషలో ఉంటుంది.

అతను మరో మాట కూడా అన్నాడు. అస్పష్టంగా ఉన్న చోటే కొన్నిసార్లు పేదవాడికి పని జరుగుతుందట. ‘ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా’ అన్న ముక్క పట్టుకుని ఒక దయగల అధికారి, పత్రాలు సరిగ్గా లేని వితంతువుకు పింఛను ఇప్పించడం ఇద్దరమూ చూశాం. దీని మీద నేను చాలా ఆలోచించాను. అలాంటి వెసులుబాటు పోకూడదు. కానీ ఆ వెసులుబాటు ఎవరికి దక్కుతోంది? ఆ కార్యాలయానికి పదిసార్లు తిరగగలిగినవాడికి, లోపల తెలిసినవాడు ఉన్నవాడికి. ఆ వితంతువు వెంట కూడా చదువుకున్న మేనల్లుడు వచ్చాడు. వెంట ఎవరూ రాని ఆవిడల సంగతి మా దాకా రాలేదు. దయ చూపించడానికి ఒక అధికారం ఇవ్వాలంటే దాన్ని నియమంగా రాసి ఇవ్వవచ్చు. దానికోసం ప్రతి కాగితాన్నీ పొగమంచుతో నింపనక్కర్లేదు.

బండ్లపల్లి

స్పష్టంగా రాస్తే పాలన సాగదన్న వాదనకు మా జిల్లాలోనే జవాబు ఉంది. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టంలోని ప్రధానమైన మాటలు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోండి. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని సాధ్యమైనంతవరకు 5 కిలోమీటర్ల లోపే ఉండాలి. ఆ అంకెలన్నీ కూలీల నోటికి వచ్చేశాయి. పని దగ్గర కూలీల హాజరు చూసే మేటీ తప్పు చెబితే దిద్దేవాళ్లు.

సామాజిక తనిఖీ గ్రామసభల్లో మస్టరు బిగ్గరగా చదవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫలానా పేరు, ఫలానా వారం, ఇన్ని రోజులు, ఇంత కూలి. చదువుతుండగానే వెనక నుంచి ఒకావిడ లేస్తుంది: “ఆ వారం నేను ఊళ్లోనే లేను, మా అమ్మగారింటికి పోయాను.” అంతటితో దొంగ మస్టరు బయటపడుతుంది. అక్షరం ముక్క రాని మనిషి ఒక ప్రభుత్వ రికార్డును నిలబెట్టి అబద్ధమని రుజువు చేయగలిగిందంటే, ఆ రికార్డు అలా రాసి ఉండబట్టే. అదే చోట ‘వేతనాల చెల్లింపులో పారదర్శకతకు పటిష్ఠ చర్యలు తీసుకున్నాం’ అని చదివి ఉంటే ఆవిడ దేనికి లేవాలి? ఆ పథకంలో అవినీతి జరగలేదని అనడం లేదు. జరిగినప్పుడు పట్టుకోవడానికి పిడి ఉండేదని మాత్రమే అంటున్నాను. తర్వాత తర్వాత యాప్‌లు, సర్వర్లు వచ్చాక, కూలి ఎందుకు పడలేదని అడిగితే ‘పై నుంచి ప్రాసెస్‌లో ఉంది’ అన్న జవాబు అక్కడికీ చేరింది.

సమాచార హక్కు చట్టం ఇంకో పిడి. 30 రోజుల్లో జవాబివ్వాలన్న గడువు కంటే, అందులో అడగగలిగిన ప్రశ్నే ముఖ్యం: నా అర్జీ ఏ తేదీన ఏ హోదా అధికారి దగ్గరికి వెళ్లింది, ఎన్ని రోజులు ఉంది, ఆయన ఏమి రాశారు? నేను పనిచేసిన చోట ఈ ప్రశ్నతో వచ్చిన కాగితానికి ఉన్న విలువ మరే కాగితానికీ లేదు. మినిట్స్‌లో కొట్టేసిన ఐదు నెలలను అది మళ్లీ బయటికి లాగుతుంది.

ఏమి చేయవచ్చు

కొన్ని దేశాలు దీనికి చట్టాలే చేశాయి. అమెరికాలో 2010లో, న్యూజిలాండ్‌లో 2022లో ప్రభుత్వ కాగితాలు సామాన్యులకు అర్థమయ్యేలా ఉండాలని చట్టం వచ్చింది. 2009లో ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల సంఘం 200 మాటల జాబితా వేసి, వీటిని వాడొద్దంది. జాబితాల మీద నాకు నమ్మకం లేదు. సమన్వయం అన్న మాటను నిషేధిస్తే మర్నాడు కన్వర్జెన్స్ వస్తుంది, దాన్నీ తీసేస్తే ఇంకొకటి పుడుతుంది.

నేను అడిగేది చిన్నది. అర్జీకి ఇచ్చే జవాబులో పని చేస్తామా చేయమా అన్నది మొదటి వాక్యంలో ఉండాలి. చేస్తామంటే తేదీ, ఆ పని చూసే అధికారి హోదా ఉండాలి. చేయబోమంటే కారణం ఉండాలి, ఆ కారణం డబ్బు లేకపోవడమే అయితే అదే రాయాలి. ఆ ‘లేదు’ కింద సంతకం కింది ఉద్యోగిది కాకూడదు. నిధులు కేటాయించే హోదా ఉన్నవారిదే కావాలి. తేదీ గానీ కారణం గానీ లేని జవాబు ఇచ్చిన అర్జీని ‘పరిష్కారమైనట్టు’ కంప్యూటర్ ఒప్పుకోకూడదు. ఇదేమీ అసాధ్యం కాదు, ఆధార్ నంబరు లేకపోతే దరఖాస్తును ముందుకు పోనివ్వని కంప్యూటర్లే ఇవి.

ఎన్నికలు ఉన్న దేశంలో ఏ ప్రభుత్వమూ ‘డబ్బు లేదు’ అన్న కాగితాన్ని ఊరూరికీ పంపదని తమ్ముడు అన్నాడు. పంపదేమో. కానీ అప్పుడు కల్వర్టు గురించి వాదన గుమాస్తా బల్ల దగ్గర కాకుండా, బడ్జెట్ వేసేవాళ్ల దగ్గర జరుగుతుంది. అది జరగవలసిన చోటు అదే. పై నుంచి ఆ మార్పు వచ్చేవరకు చేతులు ముడుచుకుని కూర్చోవాలన్న నియమమూ లేదు. మస్టరు చదివినట్టే, ఊరికి వచ్చిన జవాబులను గ్రామసభలో బిగ్గరగా చదవవచ్చు. ప్రతి జవాబు తర్వాత ‘చేస్తారా, చేయరా, ఎప్పటికి?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని తీర్మానాల పుస్తకంలో రాయించవచ్చు. మామ వాళ్ల పంచాయతీ కార్యదర్శితో మాట్లాడాను, చదవడానికి అభ్యంతరం లేదన్నాడు. అక్టోబరు 2 గ్రామసభకు కల్వర్టు జవాబుతోపాటు, గత రెండేళ్లలో ఊళ్లో ఎవరెవరికి ఇలాంటి కాగితాలు వచ్చాయో అన్నీ తెమ్మని మామ ఇంటింటికీ చెబుతున్నాడు. నకళ్లు తీయించే పని నేను తీసుకున్నాను.